కోవెలకుంట్ల నుంచి ఎర్రగడ్డ దాకా: లోపలున్నవాళ్ళ హక్కులు

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, లా చదువుతున్న విద్యార్థులకు నమస్కారం.

"జైల్లో ఉన్నవాళ్ళకి హక్కులేంటి సార్, తప్పు చేసే కదా వెళ్ళారు?" ఈ మాట మీరు ఇంట్లో వింటారు, బస్సులో వింటారు. రేపు బార్ రూంలో నల్లకోటు వేసుకున్నవాళ్ళ నోట కూడా వింటారు. జవాబు కోసం దూరం పోనక్కర్లేదు. మన విశాఖపట్నం సెంట్రల్ జైలు గోడ దగ్గరే మొదలుపెట్టొచ్చు.

ఆ గోడ మీద కరెంటు వైరు లాగారు. చుట్టూ సాయుధ పోలీసుల కాపలా పెట్టారు. లోపలున్న నక్సలైట్ ఖైదీలు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. దాన్నే భువన్ మోహన్ పట్నాయక్ కేసు అంటాం. 1974లో తీర్పు వచ్చింది, ఖైదీలు ఓడిపోయారు. లోపల తన పని తాను చేసుకునేవాడికి ఆ వైరు తగలదు, గోడ ఎక్కబోతేనే తగులుతుంది, కాబట్టి హక్కుకి భంగం లేదు అంది కోర్టు. నాకు ఆ వాదన ఇప్పటికీ మింగుడుపడదు. పారిపోబోతే ఏ శిక్ష వేయాలో చట్టం చెప్పింది, అది మరణశిక్ష మాత్రం కాదు. అయితే అదే తీర్పులో జస్టిస్ వై.వి. చంద్రచూడ్ మరో సంగతి తేల్చేశారు. శిక్ష పడినంత మాత్రాన మనిషికున్న ప్రాథమిక హక్కులన్నీ ఊడిపోవు అన్నారు. ఓడిన కేసులో దొరికిన ఆ మాటే తర్వాతివాళ్ళకి పనికొచ్చింది.

ఇక రాయలసీమలోని కోవెలకుంట్ల. 1977 మే నెల, తెల్లవారుజామున. సబ్‌జైల్లో ఒక తండ్రి, కొడుకు రిమాండులో ఉన్నారు. ప్రత్యర్థులు జైల్లోకి చొరబడి బాంబులు వేశారు. తండ్రి చనిపోయాడు, కొడుకు గాయాలతో బతికాడు. వాళ్ళని అక్కడ పెట్టింది ప్రభుత్వం. తాళం ప్రభుత్వానిది, కాపలా ప్రభుత్వానిది. బయట ఉంటే పారిపోయేవాళ్ళో, ఎదురు తిరిగేవాళ్ళో, ఏదో ఒకటి చేసుకునేవాళ్ళు. లోపల తలుపు తీసుకునే వీలు కూడా లేదు.

కుటుంబం నష్టపరిహారం కోసం దావా వేసింది. ప్రభుత్వం ఏమని వాదించిందో తెలుసా? జైలు నడపడం సార్వభౌమాధికారానికి చెందిన పని, అందులో జరిగిన నష్టానికి మేం బాధ్యులం కాము అని! కింది కోర్టు దావా కొట్టేసింది. హైకోర్టు 1989లో ఆ తీర్పు తిరగరాసి 1,44,000 రూపాయలు వడ్డీతో ఇమ్మంది. లక్షన్నర కూడా లేని ఆ సొమ్ము ఇవ్వడం ఇష్టం లేక ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2000 ఏప్రిల్‌లో అక్కడా ఓడింది. శిక్ష పడినవాడైనా, విచారణలో ఉన్నవాడైనా, ముందుజాగ్రత్త పేరుతో నిర్బంధించిన డిటెన్యూ అయినా ఖైదీ మనిషే, బతికే హక్కు లోపల కూడా ఉంటుంది, సార్వభౌమత్వం అనే పాతకాలపు సాకు ఇక్కడ చెల్లదు అని ఈ కేసులో, అంటే చల్లా రామకృష్ణారెడ్డి కేసులో, సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. సంఘటన జరిగిన 23 ఏళ్ళకి!

అంటే సూత్రం విషయంలో గొడవ ఎప్పుడో తీరిపోయింది. ఇప్పుడున్న చిక్కంతా కాగితాలది, వాటిని పట్టించుకుని తిరిగే మనిషి లేకపోవడానిది. బయట నా హక్కుకి భంగం కలిగితే నేనే పోయి అరుస్తాను. లోపలున్నవాడి తరఫున ఇంకొకరు తిరగాలి.

అన్నిటికంటే పెద్ద సంగతి బెయిలు. 2022 చివరికి దేశంలో ఖైదీలు 5,73,220 మంది, జైళ్ళలో చోటు మాత్రం 4,36,266 మందికే. ఆ ఖైదీల్లో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నలుగురిలో ముగ్గురి నేరం ఇంకా రుజువు కాలేదు. "తప్పు చేసే కదా వెళ్ళారు" అనేవాళ్ళకి ఈ లెక్క చూపించండి.

వీళ్ళలో కొందరికి బెయిలు వచ్చే ఉంటుంది. అయినా లోపలే ఉంటారు. ఎందుకో మీ పుస్తకాల్లో ఉండదు, కోర్టు వరండాలో కనబడుతుంది. ఆర్డరులో "ఇద్దరు జామీనుదారులు" అని ఒక్క ముక్క ఉంటుంది. జామీను అంటే ఒక మనిషి తన ఆధార్ కార్డు, ఇంటి పన్ను రసీదు, ఇంటి విలువ పత్రం పట్టుకుని, ఆ రోజు కూలి పోగొట్టుకుని వచ్చి మేజిస్ట్రేట్ ముందు నిలబడాలి. అలాంటివాళ్ళు ఇద్దరు కావాలి. ఒడిశా నుంచి ఇటుక బట్టీకి వచ్చినవాడికి ఇక్కడ సొంత ఇల్లున్న స్నేహితులు ఇద్దరు ఎక్కణ్ణుంచి వస్తారు? డబ్బు తీసుకుని నిలబడే జామీనుదారులు కోర్టు బయటే దొరుకుతారని అందరికీ తెలుసు, తెలియనట్టు ఉంటాం.

1978లో మోతీరాం అనే తాపీ మేస్త్రీ కేసు సుప్రీంకోర్టుకి వచ్చింది. మధ్యప్రదేశ్ మేజిస్ట్రేట్ అతన్ని పదివేలకి జామీను అడిగారు. సోదరుడు జామీను ఉంటానంటే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్‌కి ఒళ్ళు మండింది. ఒక మలయాళీనో, కన్నడిగుణ్ణో, తమిళుణ్ణో, ఆంధ్రుణ్ణో తీసుకుపోయి బస్తర్‌లోనో చాందినీ చౌక్‌లోనో అరెస్టు చేస్తే అక్కడ ఆస్తిపరులైన జామీనుదారుల్ని ఎక్కడ తెచ్చుకుంటాడు అని అడిగారు. పరాయి ఊళ్ళో చిక్కుకున్న మనవాడి గురించి ఆయన అడిగిన ప్రశ్నే ఇవాళ మన ఊళ్ళో చిక్కుకున్న ఒడిశావాడి గురించి మనం అడగాలి.

దారులు లేవని కాదు. బెయిలు వచ్చి వారంలో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ ఆ సంగతి, పేదలకి ఉచిత న్యాయ సాయం చేసే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి తెలపాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. పేద ఖైదీల పథకం కింద జామీనుకి, జరిమానాకి డబ్బు సాయం ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక సురక్షా సంహితలో 479 సెక్షన్ ఉంది. గరిష్ఠ శిక్షలో సగం కాలం లోపలే గడిపిన విచారణ ఖైదీని బెయిలు మీద వదలాలి, ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాడైతే మూడోవంతు చాలు. మరణశిక్ష, యావజ్జీవం పడే కేసులకి ఇది వర్తించదు. ఒకటి కంటే ఎక్కువ కేసులున్నా వర్తించదు, అక్కడే చాలామంది జారిపోతారు.

ఓటు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. రిమాండు ఖైదీ ఓటు వేయకూడదు, పోటీ మాత్రం చేయొచ్చు. 2024లో తీహార్ జైల్లో ఉండి ఇంజనీర్ రషీద్ బారాముల్లా ఎంపీగా గెలిచారు. లక్షలమంది ఓట్లు తీసుకోవచ్చు కానీ తన ఓటు తాను వేసుకోకూడదట!

తల్లులతో పాటు జైల్లో పెరిగే పిల్లల విషయంలో కోర్టు కాస్త మనసు పెట్టి ఆలోచించింది. ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసు, 2006, ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. ఆరేళ్ళ దాకా బిడ్డ తల్లి దగ్గర ఉండొచ్చు, కానీ ఆ బిడ్డ ఖైదీ కాదు. జైల్లో పుడితే జనన ధృవీకరణ పత్రంలో పుట్టిన చోటు జైలని రాయకూడదు, ఆ ప్రాంతం పేరు రాయాలి. బళ్ళో చేర్చేటప్పుడు ఆ కాగితం ఎవరి చేతిలో పడుతుందో ఊహించుకోండి, ఈ చిన్న నియమం విలువ తెలుస్తుంది.

పుట్టుకని బట్టి నేరస్థుడనడం మనకి కొత్త కాదు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం ఉంది కదా, క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద ఎరుకల కుటుంబాల్ని అక్కడ సెటిల్‌మెంట్‌లో పెట్టారు. సాల్వేషన్ ఆర్మీ దాన్ని నడిపింది. నేరం చేశారా లేదా అన్న ప్రశ్నే లేదు, పుట్టుకే నేరం. 1952లో ఆ చట్టం పోయింది, వాసన మాత్రం జైలు మాన్యువళ్ళలో మిగిలింది. ఫలానా కులంవాడు ఊడ్చాలి, ఫలానావాడు వండాలి అనే రూల్స్‌ని, సంచార తెగలవాళ్ళని అలవాటు నేరస్థులుగా చూడడాన్ని సుప్రీంకోర్టు 2024 అక్టోబర్‌లో కొట్టేసింది. రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. ఆ తీర్పు రాసింది డి.వై. చంద్రచూడ్. విశాఖ జైలు తీర్పు రాసిన చంద్రచూడ్ గారి అబ్బాయి.

చివరిగా, మనం జైలని పిలవని జైళ్ళు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరు మనం తిట్టుగా వాడతాం. అక్కడున్నది రోగులు. 2001లో తమిళనాడు ఏర్వాడిలో మానసిక రోగుల్ని ఉంచిన చోట మంటలు లేస్తే 28 మంది చనిపోయారు, గొలుసులతో కట్టేసి ఉండబట్టి పారిపోలేకపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసు వేయడాన్ని పూర్తిగా నిషేధించింది. బలవంతంగా గుండు కొట్టించకూడదు. సొంత బట్టలు వేసుకుంటానంటే వేసుకోనివ్వాలి. పని చేయిస్తే కూలి ఇవ్వాలి. ఇంటివాళ్ళు రానివ్వడం లేదనో, ఇల్లే లేదనో ఎవర్నీ ఆసుపత్రిలో ఉంచేయకూడదు. అలాంటివాళ్ళకి బయట ఉండే చోటు చూపించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. ఖైదీకి కనీసం విడుదల తేదీ అంటూ ఒకటి ఉంటుంది. అడ్మిషన్ రోజు తప్పుడు అడ్రసు ఇచ్చి వెళ్ళిపోయిన ఇంటివాళ్ళ మనిషికి అదీ ఉండదు.

మీలో పారాలీగల్ వాలంటీర్లుగా, అంటే న్యాయ సాయంలో తోడ్పడే స్వచ్ఛంద కార్యకర్తలుగా, పేరు ఇచ్చినవాళ్ళు ములాఖత్ గదిలో ఉపన్యాసాలు ఇవ్వకండి. సబ్‌జైలుకి వెళ్తే, బెయిలు వచ్చి వారం దాటినా లోపలే ఉన్నవాళ్ళ జాబితా అడగండి. మానసిక ఆసుపత్రికి వెళ్తే, డిశ్చార్జికి తగినవాళ్ళని డాక్టరు రాసినా ఉండిపోయినవాళ్ళ జాబితా అడగండి. నోటిమాటగా ఇవ్వకపోతే న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి అర్జీ పెట్టండి. జిల్లా జడ్జి, కలెక్టర్, ఎస్పీ కూర్చునే విచారణ ఖైదీల సమీక్ష కమిటీ ముందుకి ఆ బెయిలువాళ్ళ జాబితా వెళ్ళేలా చూడండి. అర్జీ నమూనా నేను తెచ్చాను, వెనక బల్ల మీద కాపీలు ఉన్నాయి. ఇక ప్రశ్నలుంటే అడగండి.