ఎంసీబీ పడలేదంటే అంతా బాగున్నట్టేనా?

[దృశ్యం: ఏసీ సాకెట్. ఒక రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగింది.]

ఈ సాకెట్ చూడండి. ప్లాస్టిక్ మాడుతోంది. ఏసీ మాత్రం చల్లగానే నడుస్తోంది, ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే కిందికి పడి సరఫరా ఆపే, బోర్డులోని స్విచ్) ఒక్కసారీ పడలేదు.

ఎంసీబీ చూసేది ఒక్కటే: తన గుండా ఎంత కరెంటు పోతోందని. ఒకటిన్నర టన్ను ఏసీ 230 వోల్టుల మీద సుమారు 7, 8 ఆంపియర్లు లాగుతుంది. సాకెట్ వెనక స్క్రూ సడలినంత మాత్రాన అది పెరగదు. కానీ ఆ వదులు దగ్గర అర ఓమ్ నిరోధం చేరితే చాలు. అక్కడ పుట్టే వేడి ఎంతంటే, కరెంటును కరెంటుతోనే గుణించి, దాన్ని నిరోధంతో గుణించాలి: ఎనిమిదెనిమిదులు 64, అందులో సగం 32 వాట్లు. సోల్డరింగ్ ఐరన్‌ను గంటల తరబడి సాకెట్‌లో గుచ్చి ఉంచినట్టే!

[దృశ్యం: ఎంసీబీ దించి ప్లగ్గు తీస్తున్న చెయ్యి.]

ఏసీ అరగంట నడిచాక ఎంసీబీ దించి, ప్లగ్గు తీసి తాకండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా, కాలిన వాసన వచ్చినా ఇక ఏసీ వేయకండి. ఎలక్ట్రీషియన్‌తో ప్లగ్గు, సాకెట్ రెండూ మార్పించండి. మాడిన పిన్ను కొత్త సాకెట్‌నూ పాడుచేస్తుంది.

ఇలాంటి ఏసీకి బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 20 ఆంపియర్ల సీ టైప్ ఎంసీబీ సరిపోతాయి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దే వద్దు. ఎంసీబీ మాటిమాటికీ పడుతోందని, వైరు అదే ఉంచి పెద్దది పెట్టిస్తే, ఈసారి ఎంసీబీ పడదు, గోడలో వైరు కాలుతుంది.

[దృశ్యం: ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్.]

షాక్ సంగతి వేరు. ప్రాణం తీయడానికి కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు చాలు, ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. దానికి, కరెంటు బయటికి లీకైతే పడిపోయే స్విచ్, అంటే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. ఎర్త్ సరిగ్గా ఉంటే లీకేజీ మొదలవగానే, మనిషి తాకకముందే పడిపోతుంది. టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి. పడకపోతే మార్చాల్సిందే.

[దృశ్యం: తిరగకుండా మూలుగుతున్న సీలింగ్ ఫ్యాను.]

ఫ్యాను మూలుగుతూ తిరగడం లేదంటే కెపాసిటర్ (మోటారు తిరగడానికి ఊపునిచ్చే చిన్న భాగం) బలహీనపడి ఉంటుంది, లేదా బేరింగ్ పట్టేసి ఉంటుంది. కర్రతో తోసి తిప్పకండి, వెంటనే ఆపేయండి. ఆగిన మోటారుకు గాలి ఆడదు, లోపలి తీగ చుట్ట (వైండింగ్) కాలిపోతుంది. కొత్త కెపాసిటర్ మీద పాతదాని మైక్రోఫారడ్ అంకే ఉండాలి, సాధారణంగా అది 2.5. టేబుల్ ఫ్యానుకైతే మెడ తిరిగే చోట వైరు ఒరుసుకుంటుంది. ఇనుప బాడీ అయితే అక్కడే షాక్ కొడుతుంది.

ఫ్యాను మీద చెయ్యి వేసేముందు స్విచ్ ఆపితే సరిపోదు. స్విచ్‌ను ఫేజు (షాక్ కొట్టే కరెంటు వచ్చే వైరు) మీద కాక న్యూట్రల్‌లో (కరెంటు తిరిగి వెళ్లే వైరులో) కలిపి ఉంటే, ఆపాక కూడా ఫ్యాను దాకా ఫేజు ఉంటుంది. ఎంసీబీ దించండి. టెస్టరును ముందు కరెంటున్న పాయింటులో పెట్టి, వెలుగుతోందని చూసుకున్నాకే ఫ్యాను వైర్ల దగ్గర పెట్టండి.