లండన్‌లో ఉన్నది కోహినూర్ కాదు!

ఆగండి ఆగండి, థంబ్‌నైల్ చూసి అప్పుడే కామెంట్లలో తిట్టకండి. లండన్ టవర్‌లో అద్దం వెనక పెట్టింది మన కోహినూర్ కాదు. అరగదీయగా మిగిలిన ముక్క!

లెక్క చూడండి. 1849లో పదేళ్ల పిల్లాడు, పంజాబ్ మహారాజు దులీప్ సింగ్ చేత సంతకం పెట్టించుకుని బ్రిటిష్‌వాళ్లు పట్టుకెళ్లారు. అప్పుడు దాని బరువు, ఇప్పటి లెక్కలో, 191 క్యారెట్లు. ఇవాళ 105.6. ఎనభై అయిదు క్యారెట్లు ఏమైనట్టు? అంటే 17 గ్రాములు. తులమున్నర పైమాటే! మన ఇంట్లో తులమున్నర గొలుసు కనపడకపోతే వీధంతా ఏకం చేస్తాం కదా. 2016లో సుప్రీంకోర్టులో కేంద్రం తరఫున సొలిసిటర్ జనరల్ ఏమన్నారు? అది దొంగిలించిందీ కాదు, బలవంతంగా లాక్కున్నదీ కాదు అన్నారు. సరే సార్, మరి ఆ పోయిన 17 గ్రాములు?

పొడి చేసేశారు. ఎందుకంటే 1851లో లండన్ హైడ్ పార్క్ ఎగ్జిబిషన్‌లో పెడితే జనం ఎగబడి వచ్చి, "ఇంతేనా, గాజు ముక్కలా ఉంది" అని పెదవి విరిచారు. చుట్టూ గ్యాస్ దీపాలు పెట్టినా లాభం లేకపోయింది. విక్టోరియా రాణిగారి భర్త ఆల్బర్ట్‌కు తల కొట్టేసినట్టయింది. ఇక సాన పట్టించేద్దామన్నాడు.

వజ్రాన్ని వజ్రంతోనే కోయాలి అంటాం కదా, అదెలాగో ఎప్పుడైనా ఆలోచించారా? రెండూ ఒకే గట్టితనం అయితే ఏది అరగాలి? కిటుకేంటంటే, వజ్రం అన్ని వైపులా ఒకేలా గట్టిగా ఉండదు. వెదురు నిలువుగా సర్రున చీలుతుంది, అడ్డంగా కొడితే కత్తి ఎగిరిపడుతుంది. ఇదీ అంతే. గిర్రున తిరిగే ఇనుప చక్రానికి నూనెలో కలిపిన వజ్రప్పొడి పూస్తారు. ఆ పొడిలో రేణువులు తలోదిక్కుకు తిరిగి ఉంటాయి. వాటిలో కొన్నింటి గట్టి వైపు, రాయి మెత్తని వైపును కొరుకుతుంది. దిక్కు తప్పితే రాయి అరగదు, చక్రమే పాడవుతుంది.

ఇప్పుడు నా థియరీ. మొగలు సానవాళ్లకు బరువే ప్రాణం. రాయి ఒంపులు రాయివే, లోపం ఉన్నచోట చిన్న పట్టె, అంటే చదునైన ముఖం, వేసి కప్పేసేవారు. యూరప్ వాడికి బరువు పోయినా ఫర్వాలేదు, తళతళ కావాలి. తప్పు రాయిది కాదు, చూసిన కళ్లది!

దీనికో కథ ఉంది. వెనిస్ నుంచి వచ్చిన బోర్గియో అనేవాడు గ్రేట్ మొగల్ అనే పెద్ద వజ్రాన్ని అరగదీసి బరువు తగ్గించేస్తే, చక్రవర్తి జీతం ఇవ్వకపోగా పదివేల రూపాయలు జరిమానా వేశాడు. వాడి దగ్గర ఇంకా ఉంటే ఇంకా లాగేవాడని ఫ్రెంచ్ వజ్రాల వ్యాపారి టావెర్నియే రాశాడు. మనవాళ్లు జరిమానా వేసిన పనికి లండన్‌వాళ్లు 8,000 పౌండ్లు ఖర్చు పెట్టారు!

1852 జూలై 17. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ఇద్దరు పనివాళ్లు, ఒక ఆవిరి యంత్రం. రాయిని మొదట చక్రానికి ఆనించింది ఎవరో తెలుసా? డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్, 83 ఏళ్ల ముసలాయన. 1799లో టిప్పు సుల్తాన్ మీద శ్రీరంగపట్నంలో పోరాడినవాడే! సెప్టెంబర్‌లో పోయాడు. శాపం అనకండి, ఆ వయసులో ఎవరైనా పోతారు. కానీ ఆ రాయి మీద ఆ చెయ్యి పడటం మాత్రం నాకు కాకతాళీయంగా అనిపించదు.

ముప్పై ఎనిమిది రోజులు అరగదీశారు. తీరా చూస్తే పల్చగా తేలింది. కింది భాగానికి సరైన వాలు లేకపోతే పైనుంచి పడ్డ వెలుతురు తిరిగి కంటికి రాదు, అడుగు నుంచి జారిపోతుంది. ఆల్బర్ట్‌కు కూడా నచ్చలేదు!

మరి ఆ పొడి? వజ్రప్పొడిని ఎవరూ ఊడ్చి పారేయరు, దాంతోనే ఇంకో వజ్రానికి సాన పడతారు. నా అనుమానం, మన కృష్ణ ఒడ్డున కొల్లూరులో దొరికిందని చెప్పుకునే ఆ రాయిలో సగానికి కాస్త తక్కువ, ఎవరెవరి ఉంగరాలనో మెరిపించడానికి అరిగిపోయింది.