ఒకే అక్షరానికి రెండు సంకేతాలు: వెతికితే పేరు ఎందుకు దొరకదు?

నమస్కారం. ఫ్రెంచివారు కెఫే అనే మాట రాసేటప్పుడు చివరనున్న రోమన్ లిపి 'ఈ' (e) అక్షరం నెత్తిన చిన్న ఏటవాలు గీత పెడతారు. తెరమీద అది ఒక్క అక్షరంగానే కనిపిస్తుంది, కానీ కంప్యూటరు లోపల దాన్ని రెండు రకాలుగా నిల్వ చేయవచ్చు. జాబితాలో కళ్లెదుటే ఉన్న పేరు వెతికితే దొరకకపోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే. ఇలా ఎందుకు జరిగిందో ఈరోజు చూద్దాం.

కంప్యూటరు ప్రతి అక్షరాన్నీ ఒక సంఖ్యగా దాచుకుంటుంది; పట్టికలో ఆ అక్షరం ఉన్న స్థానమే ఆ సంఖ్య. 1963లో వచ్చిన అలాంటి పట్టిక ఆస్కీ ఏడు బిట్ల (సున్నా లేదా ఒకటి ఉండే గళ్ల) ప్రమాణం, అందులో ఉన్నవి 128 స్థానాలే. ఇంగ్లిషుకు అవి సరిపోయాయి గానీ ఫ్రెంచి, జర్మన్, స్పానిష్ గుర్తులకు చోటు మిగల్లేదు. ఎనిమిదో బిట్టును కూడా వాడుకుని మరో 128 స్థానాలు చేర్చుకున్నప్పుడు, వాటిలో ఏ అక్షరాన్ని ఎక్కడ ఉంచాలన్న విషయంలో తయారీదారులు తలో దారీ పట్టారు. ఐబీఎం పీసీ పట్టికలో మన గీత 'ఈ' 130వ స్థానంలో ఉంటే, పశ్చిమ యూరప్ భాషల కోసం తరవాత వచ్చిన లాటిన్-1 పట్టికలో 233వ స్థానంలో ఉంది. అమెరికన్ సెట్టింగులున్న విండోస్‌లో ఆల్ట్ కీ నొక్కిపట్టి, అంకెల కీప్యాడ్ మీద 130 కొట్టినా, 0233 కొట్టినా అదే అక్షరం వస్తుంది. ముందు సున్నా ఉంటే లాటిన్-1ను పోలిన విండోస్ పట్టికను, లేకపోతే పాత డాస్ (ఐబీఎం పీసీ) పట్టికను చూడమని అర్థం.

లోకంలోని భాషలన్నిటికీ ఒకే పట్టికగా 1991లో తొలిసారి వెలువడిన యూనికోడ్, పాత ఫైళ్లు చెడిపోకుండా లాటిన్-1 స్థానాలను యథాతథంగా స్వీకరించింది కనుక, 233 అలాగే నిలిచింది. అయితే లోకంలోని భాషలన్నిటిలో వచ్చే అక్షరం, గుర్తు కలయికలకు విడివిడిగా సంఖ్యలు ఇస్తూ పోతే అంతంటూ ఉండదు. అందువల్ల యూనికోడ్ గుర్తులకు కూడా సొంత సంఖ్యలు ఇచ్చింది. మామూలు 'ఈ' సంఖ్య 101, దాని వెనక ఏటవాలు గీత సంఖ్య 769 రాస్తే, తెరమీద గీత దానంతటదే అక్షరం నెత్తిన కూర్చుంటుంది. ఒక్క 233, లేదా 101, 769 జంట: రెండూ సమానమేనని యూనికోడ్ ప్రమాణమే చెబుతుంది, కానీ సంఖ్యకు సంఖ్య పోల్చి చూసే ప్రోగ్రాముకు అవి వేరు వేరు మాటలు.

తెలుగు లిపిలోనూ ఇలాంటిది ఒకటుంది. ఐత్వానికి 3144 అనే సొంత సంఖ్య ఉంది. ఎత్వం 3142 రాసి, దాని వెనక 3158 అనే, అక్షరం కింద వచ్చే ఐత్వపు గుర్తును చేర్చినా అదే ఐత్వం అవుతుంది.

మరి విడదీసిన రూపం మన ఫైళ్లలోకి ఎక్కడినుంచి వస్తుంది? ఫ్రెంచి కీబోర్డు మీద గీత 'ఈ' కోసం 2 అంకె ఉన్న కీని నొక్కితే చాలు, కూడిన రూపమే వస్తుంది. మ్యాక్‌లో ఆప్షన్‌తో 'ఈ' నొక్కి, మళ్లీ 'ఈ' నొక్కినా అంతే. కానీ విండోస్‌లోని వియత్నామీస్ కీబోర్డు స్వరభేదాన్ని తెలిపే గుర్తును విడిగానే ఉంచుతుంది. మ్యాక్‌లో ఒకప్పుడు వాడిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్ సిస్టమైతే ఫైళ్ల పేర్లన్నిటినీ విడదీసి దాచేది.

దీనికి విరుగుడు నార్మలైజేషన్, అంటే ఒకే అక్షరపు వేర్వేరు రూపాలను ఒకే రూపానికి తేవడం. ఎన్‌ఎఫ్‌సీ పద్ధతి కలపగలిగినవాటిని కలుపుతుంది, ఎన్‌ఎఫ్‌డీ విడదీస్తుంది. ఏది ఎంచుకున్నా, వెతికే మాటకూ, నిల్వ ఉన్న మాటకూ ఒకే పద్ధతి వర్తింపజేసిన తరవాతే పోల్చాలి. పేర్లు నిల్వ చేసే ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ ఇది కనీస బాధ్యత అని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే తన పేరును తాను సరిగ్గానే టైపు చేసిన మనిషికి, ఆ పేరు లేదని జవాబివ్వడం అన్యాయం.

ఎన్‌ఎఫ్‌సీ వాడితే ప్రతి అక్షరానికీ ఒకే సంఖ్య మిగులుతుందని మాత్రం అనుకోకూడదు. భారతీయ లిపులను రోమన్ అక్షరాల్లో రాయడానికి 2001లో వెలువడిన ఐఎస్ఓ 15919 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, కృష్ణ అనే పేరులోని వట్రుసుడిని 'ఆర్' అక్షరం కింద చిన్న సున్నాతో రాస్తారు. ఆ కలయికకు యూనికోడ్‌లో ఒంటి సంఖ్య లేనే లేదు. ఎన్‌ఎఫ్‌సీ తరవాత కూడా అది 114, 805 అనే రెండు సంఖ్యలుగానే ఉంటుంది. సంఖ్యలను లెక్కబెట్టి పేరును మధ్యలో తెంచే ప్రోగ్రాము, ఆ 'ఆర్'ను ఉంచి సున్నాను పారేసే ప్రమాదం ఉంది.