హార్డెనింగ్‌కి (ఉక్కును గట్టిపరచడానికి) వెళ్లిన పిన్ను లోపల ఏం జరుగుతుంది?

[తెర మీద: బెంగళూరు పీణ్యలో హీట్ ట్రీట్‌మెంట్ షెడ్డు. ఎర్రగా కాలిన ఈఎన్ 31 (బేరింగులకు వాడే ఉక్కు) పిన్నుల బుట్ట ఆయిల్‌లోకి దిగుతోంది.]

వెళ్లేటప్పుడు ఈ పిన్ను మీద ఆకురాయి కోస్తుంది. తిరిగొచ్చాక జారిపోతుంది. కొత్తగా మనం కలిపిందేమీ లేదు, మారింది పరమాణువుల అమరికే. ఊళ్లో కమ్మరి కొడవలిని కాల్చి నీళ్లలో ముంచినప్పుడు జరిగేదీ ఇదే.

[యానిమేషన్: ఎనిమిది మూలల్లో పరమాణువులు, నడుమ ఒకటి.]

మామూలు వేడిలో ఇనుము ఇలా ఉంటుంది. ఇందులో కార్బన్ ఇమడదు. 727 డిగ్రీల దగ్గర కూడా పట్టేది 0.02 శాతమే. ఈఎన్ 31లో ఉన్నదేమో సుమారు 1 శాతం. అందుకే అది కార్బైడ్ (లోహంతో కార్బన్ కలిసిన గట్టి పదార్థం) గింజలుగా విడిగా పడి ఉంటుంది.

[యానిమేషన్: నడుమ పరమాణువు పోయి, ఆరు ముఖాల మీద ఒక్కొక్కటి.]

830, 840 డిగ్రీలకు తెస్తే అమరిక ఇలా మారుతుంది. పరమాణువులు ఇంకా దగ్గరకు జరుగుతాయి, అయినా మిగిలిన సందులు ఒక్కొక్కటీ పెద్దవవుతాయి. నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికంటే అందంగా కనిపించే విషయం ఇదే. కార్బన్ ఆ సందుల్లోకి దూరుతుంది. నడిమి దాకా వేడెక్కాక 20, 30 నిమిషాలు చాలు. కార్బైడ్లన్నీ కరగకూడదు, అరుగుదలను ఆపేవి అవే. తొందరపడి 900 దాకా పెంచితే గ్రెయిన్లు (లోహంలోని స్ఫటికాలు) బలుస్తాయి, జాబ్ (మనం గట్టిపరుస్తున్న భాగం) పెళుసెక్కుతుంది.

[తెర మీద: ఆయిల్ ట్యాంకు, థర్మామీటర్ 60 దగ్గర.]

ఆయిల్ ఎంత చల్లగా ఉంటే అంత మంచిదనుకోవడం పొరపాటు. చల్లటి ఆయిల్ చిక్కగా ఉండి జాబ్ చుట్టూ సరిగా తిరగదు. 50 నుంచి 60 డిగ్రీలు ఉంచండి, బుట్టను పైకీ కిందికీ ఆడించండి. ఆడించకపోతే ఆవిరి పొర అంటుకుని అక్కడక్కడా మెత్తగా మిగిలిపోతుంది.

వేడి సుమారు 200 డిగ్రీలకు దిగేసరికి ఇనుము పాత అమరికకు తిరగబోతుంది. కార్బన్‌కి బయటపడే వ్యవధి ఉండదు. ఇరుక్కుపోయి పరమాణువుల గడిని ఒకవైపు సాగదీస్తుంది. దీన్నే మార్టెన్‌సైట్ అంటాం, గట్టిదనమంతా దీనిదే. కానీ మారేటప్పుడు లోహం ఉబ్బుతుంది. పైపొర ముందే గట్టిపడి ఉంటుంది, తర్వాత నడిమి భాగం ఉబ్బి దాన్ని లోపలి నుంచి తోస్తుంది. పగులు పదునైన మూల దగ్గరో కీవే (కీ కూర్చునే గాడి) దగ్గరో మొదలవుతుంది. డ్రాయింగ్‌లోనే ఆ మూలకి రేడియస్ (గుండ్రటి మలుపు) ఇప్పించండి. నీళ్లు తగిలినా జాబ్ పగలొచ్చు, ట్యాంకు అడుగున అవి చేరాయేమో కూడా చూడండి.

చెయ్యి పెట్టగలిగే వేడికి రాగానే టెంపరింగ్‌లో (మళ్లీ కొద్దిగా వేడిచేయడం) పెట్టాలి: 150 నుంచి 180 డిగ్రీలు, రెండు గంటలు. ఇరుక్కున్న కార్బన్‌లో కొంత సన్నటి కార్బైడ్లుగా విడిపోయి ఒత్తిడి సడలుతుంది, గట్టిదనం 60 హెచ్‌ఆర్‌సి (గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ సి స్కేలు) దగ్గర నిలుస్తుంది. షిఫ్టు అయిపోయిందని రేపటికి వదిలేస్తే, రాత్రి ట్రేలో ఉండగానే పగలొచ్చు.

గేజి (కొలత సరిచూసే పరికరం) లాంటి వాటికి ఇంకో పని ఉంది. వేడిలో ఏర్పడిన అమరిక మారకుండా కొంత మిగిలి ఉంటుంది, అది నెలల తరబడి మెల్లగా మారుతూ కొలతను మైక్రాన్లలో జరుపుతుంది. అందుకే అది ముందే మారిపోయేలా టెంపరింగ్‌కి ముందు మైనస్ 70, 80 డిగ్రీలకు చల్లబరుస్తారు.

[తెర మీద: గ్రైండింగ్ వీల్ కింద నీలి మచ్చ.]

ఈ నీలి మచ్చ కనిపిస్తే అక్కడ టెంపరింగ్ వేడి దాటిపోయిందని అర్థం. కట్ తగ్గించి, వీల్ డ్రెస్ చేసి (మొద్దుబారిన పైపొర చెక్కి), కూలెంట్ ధార సరిగ్గా అంచు మీద పడేలా తిప్పండి.