రోజంతా ల్యాబ్‌లో ఏం చేస్తామంటే

(జాతీయ సైన్స్ దినోత్సవం సందర్భంగా హనుమకొండలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

ప్రిన్సిపాల్ మేడం గారికి, నాకు చదువు చెప్పిన లెక్చరర్లకి నమస్కారం. తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ సైన్స్ దినోత్సవ శుభాకాంక్షలు.

నేను ఈ కాలేజీలోనే డిగ్రీ చేశాను. ఇప్పుడు ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదువుతూ, వరంగల్‌లోనే ఒక వైద్య పరిశోధన ల్యాబ్‌లో ఇంటర్న్‌గా చేస్తున్నాను. మీలో ఎవరు కలిసినా ఒకటే అడుగుతున్నారు: "అక్కా, అక్కడ రోజంతా ఏం చేస్తరు?" ఇవాళ ఆ జవాబే చెప్తాను. చదువుకున్నవాళ్లకి కూడా తెలియని సంగతులు అందులో చాలా ఉన్నాయి.

మా ల్యాబ్ పని సికిల్ సెల్ రక్తహీనత మీద. మనకిది దూరపు విషయం కాదు. ఉట్నూరు, జైనూరు వైపు గోండుల్లో, కొలాముల్లో, ఇటు ఏటూరునాగారం, తాడ్వాయి వైపు కోయల్లో ఈ జబ్బు ఉంది. గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర రక్తకణాలు ఆక్సిజన్ తగ్గినప్పుడు కొడవలిలా వంగిపోయి, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. ఒంట్లో రక్తం తగ్గుతుంది, ఎముకల్లో భరించలేని నొప్పి వస్తుంది. కారణం చూస్తే, రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌లో ఒక భాగాన్ని తయారుచేసే బీటా గ్లోబిన్ జన్యువులో ఒకే ఒక్క డీఎన్ఏ అక్షరం మారడం. 'ఏ' ఉండాల్సిన చోట 'టీ' ఉంటుంది. దాంతో ప్రొటీన్‌లో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆసిడ్ అనే అమైనో ఆమ్లం పోయి వాలీన్ అనే ఇంకో అమైనో ఆమ్లం వస్తుంది. 1957లో వెర్నాన్ ఇంగ్రామ్ అనే శాస్త్రవేత్త ఈ తేడాని తేల్చి చెప్పాడు. 2047 నాటికి ఈ జబ్బు ప్రజారోగ్య సమస్యగా మిగలకూడదని 2023 జులైలో కేంద్రం ఒక జాతీయ మిషన్ మొదలుపెట్టింది. ఊళ్లలో జరిగే రక్తపరీక్షలు అందులో భాగమే.

ఇక మా రోజు సంగతి. పొద్దున వెళ్లగానే చేసే మొదటి పని బల్ల తుడవడం. 70 శాతం ఆల్కహాల్‌తో తుడుస్తాం. ఇంకా చిక్కటిది వాడితే ఇంకా బాగా పని చేస్తుంది కదా అనుకుంటారు. చేయదు. సూక్ష్మజీవి ప్రొటీన్లు విరిగిపోవాలంటే కొంచెం నీరు కూడా కావాలి, పైగా చిక్కటి ఆల్కహాల్ తొందరగా ఆవిరైపోతుంది. తర్వాత ఐస్ తెచ్చుకోవడం, బఫర్లు, అంటే ఆమ్లత మారకుండా ఉంచే ద్రావణాలు కలుపుకోవడం, సీసాలనీ, ద్రవాలు కొలిచి తీసే పిపెట్లకి తొడిగే టిప్పులనీ ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరి ఒత్తిడితో క్రిముల్ని చంపే యంత్రంలో పెట్టడం. 121 డిగ్రీల దగ్గర, 15 పౌండ్ల ఒత్తిడిలో, 15 నిమిషాలు. ఈ లెక్క మనందరం పరీక్షలో రాసిందే. కానీ మూతలు వదులుగా ఉంచాలని నాకు చెప్పింది మా ల్యాబ్ అటెండర్. "బిడ్డా, మూతలు బిగ్గ పెట్టకు, సీసా పగులుతది" అన్నాడు. ఆయన చదివింది పదో తరగతి. ఆ గదిలో ఏ మెషీన్ చప్పుడు మారినా ముందు ఆయనకే తెలుస్తుంది. ఇంటర్న్‌గా వెళ్లినవాళ్లు గైడ్ మాట ఎంత వింటారో అటెండర్ మాట కూడా అంత వినాలి. ఈ మాట గట్టిగా చెప్తున్నాను.

శాంపిల్స్ ఊదారంగు మూత ట్యూబుల్లో వస్తాయి. రక్తం గడ్డకట్టకుండా వాటిలో ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. ట్యూబు మీద పేరు ఉండదు, కోడ్ ఉంటుంది. పేరూ ఊరూ రాసిన పుస్తకం గైడ్ దగ్గర బీరువాలో తాళం వేసి ఉంటుంది. రక్తం ఇచ్చే మనిషికి విషయమంతా వాళ్ల భాషలో చెప్పి, వాళ్లు ఒప్పుకుంటేనే రక్తం తీయాలి. ఈ నియమాలు మేం పెట్టుకున్నవి కావు, భారత వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్, మార్గదర్శకాల్లో ఉన్నవే.

నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటి చెప్పాలి. ఇది ఎర్ర కణాల జబ్బు, కానీ డీఎన్ఏ కోసం మేం వెతికేది తెల్ల కణాల్లో. డీఎన్ఏ ఉండే కేంద్రకం మన ఎర్ర కణాల్లో ఉండదు కాబట్టి. ఇంటర్‌లో బట్టీ పట్టిన ఆ ఒక్క వాక్యం నా చేతిలో ట్యూబు ఉన్నప్పుడు అర్థమైంది.

డీఎన్ఏ తీశాక పీసీఆర్. మనకి కావాల్సిన ముక్కని ప్రతి విడతలో రెట్టింపు చేసుకుంటూ పోతాం. 30 విడతలు సరిగ్గా సాగితే ఒక్క ముక్క లెక్కప్రకారం వంద కోట్లు దాటుతుంది. ఇందులో డీఎన్ఏని కాపీ చేసే ఎంజైమ్ వేయడం చూడాల్సిన పని. అర మైక్రోలీటర్, అంటే మిల్లీలీటర్‌లో రెండువేలో వంతు, టిప్పు కొసన కనబడీ కనబడనంత. ఎంజైమ్ గ్లిసరాల్‌లో ఉంటుంది కాబట్టి తేనెలా సాగుతుంది. టిప్పుని లోపలికి ముంచితే బయట అంటుకున్నది కూడా వచ్చేస్తుంది. అందుకే ద్రవం పైభాగాన్ని కొసతో తాకి, పిపెట్ మీటని నొక్కిన బొటనవేలిని మెల్లగా వదలాలి. వేసేటప్పుడు కూడా నింపాదిగా నొక్కి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు తీయాలి. పక్కన ఎవరైనా మాట్లాడితే నేను జవాబివ్వను. అందరికీ అలవాటైపోయింది, ఎవరూ ఏమనుకోరు.

తర్వాత ఒక కత్తెర ఎంజైమ్ వేస్తాం. దాని పేరు డీడీఈ-వన్. మామూలు జన్యువులో ఆ అక్షరం దగ్గర అది కోస్తుంది. సికిల్ జన్యువులో అక్షరం మారిపోయింది కాబట్టి అక్కడ కోయలేదు. తర్వాత ఆ డీఎన్ఏని జెల్‌లో, అంటే జెల్లీ లాంటి పలకలో పోసి కరెంట్ పెడితే అది పాజిటివ్ వైపు కదులుతుంది, చిన్న ముక్కలు ముందు పోతాయి, పెద్దవి వెనకబడతాయి. కోసిన ముక్కలు మాత్రమే కనబడితే మామూలు. కోయనిది మాత్రమే ఉంటే జబ్బు. రెండూ ఉంటే ఆ మనిషి క్యారియర్, అంటే ఒక జన్యువు మామూలుది, ఇంకోటి సికిల్‌ది ఉన్నవాళ్లు.

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇక్కడుంది. ఆ రోజు కత్తెర ఎంజైమ్ పని చేయలేదనుకోండి. ఫ్రీజర్ బయట ఎక్కువసేపు ఉండి చెడిపోయిందనుకోండి. అప్పుడు ఆరోగ్యంగా ఉన్నవాళ్ల డీఎన్ఏ కూడా కోయకుండా అలాగే మిగులుతుంది. జెల్ చూస్తే అందరికీ జబ్బు ఉన్నట్టే కనబడుతుంది. బొమ్మ చక్కగా, మెరుస్తూ వస్తుంది, సమాధానం మాత్రం పూర్తిగా తప్పు. అందుకే ఫలితం ముందే తెలిసిన శాంపిల్స్‌ని ప్రతిసారీ పక్కన నడుపుతాం: ఒకటి మామూలుది, ఒకటి క్యారియర్‌ది, ఒకటి జబ్బు ఉన్నది. మామూలుది తెగకపోతే మిగతా వరుసల వైపు చూడనే చూడం.

ఇంకో ట్యూబులో డీఎన్ఏకి బదులు ఉత్త నీళ్లు పోస్తాం. అందులో ఏమీ రాకూడదు. ఒక్కోసారి వస్తుంది. ముక్కలు కోట్లలో పెరుగుతాయని చెప్పాను కదా, పొరపాటున పడిన, కంటికి కనిపించని డీఎన్ఏ తుంపర ఒకటి చాలు. అలా వస్తే ఆ రోజు చేసిందంతా పక్కన పెట్టి, కొత్త నీళ్లతో, కొత్త టిప్పులతో మళ్లీ మొదలుపెట్టాలి. సాయంత్రం బస్సు టైమైందని ఎవరూ ఊరుకోరు. మొదట్లో ఇంత చాదస్తమా అనిపించేది. ఆ కోడ్ వెనక ఎవరున్నారో ఆలోచించినప్పటి నుంచి అలా అనిపించడం లేదు.

క్యారియర్ అంటే రోగి కాదు. సాధారణంగా వాళ్లు ఆరోగ్యంగానే బతుకుతారు. కానీ భార్యాభర్తలిద్దరూ క్యారియర్లైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. మొదటి బిడ్డకి వచ్చింది కాబట్టి రెండో బిడ్డకి రాదు అనే లెక్క లేదు. మా కాగితం చూసి ఒక అమ్మాయి పెళ్లి గురించి, ఒక తల్లి రెండో బిడ్డ గురించి నిర్ణయం తీసుకోవచ్చు. ఆ కాగితంలో తప్పుంటే తర్వాత సరిదిద్దుకోవడానికి వాళ్ల దగ్గర ఏముంటుంది? అందుకే నీళ్ల ట్యూబుని నేను అంత గౌరవంగా చూస్తాను. మనకి నచ్చిన ఫలితం వచ్చినప్పుడు కూడా దాన్ని అనుమానించడం ఈ ల్యాబ్‌లోనే నేర్చుకున్నాను.

మిగతావి త్వరగా చెప్తాను. చెత్తకి కూడా రంగులుంటాయి: రక్తం అంటిన ప్లాస్టిక్ ఎర్ర డబ్బాలో, సూదులు తెల్లటి గట్టి డబ్బాలో, గాజు నీలం డబ్బాలో. నోట్‌బుక్ పెన్నుతోనే రాయాలి, కొట్టేసినా కింద రాసింది కనబడాలి. మేలో కరెంట్ పోతే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ గురించి అందరికీ టెన్షన్, తలుపు ఎవరినీ తెరవనివ్వం.

డబ్బు గురించి కూడా అడిగారు. చాలా చోట్ల ఇంటర్న్‌లకి స్టైపెండ్ ఉండదు. ఇది మంచి పద్ధతి కాదని నా అభిప్రాయం. నర్సంపేట నుంచో పరకాల నుంచో రోజూ బస్సులో వచ్చే పిల్లలు మానేసేది ఇందుకే. కాబట్టి డబ్బిచ్చే దారులు ముందు చూడండి. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్ ఉంది, దానికి దరఖాస్తు పెట్టుకోండి. ఉత్తరం రాసేటప్పుడు "నాకు సైన్స్ అంటే ఇష్టం" అని రాస్తే సరిపోదు. ఆ ల్యాబ్ వాళ్లు ఏం చేస్తున్నారో చదివి, అందులో మీకు వచ్చిన ఒక సందేహం రాయండి. జవాబు రాకపోతే పది రోజులాగి మళ్లీ రాయండి.

మా గైడ్ అనుమతితో రెండు పిపెట్లు, రంగు నీళ్లు, ఒక డబ్బా టిప్పులు తెచ్చాను. కెమిస్ట్రీ ల్యాబ్‌లో పెట్టి ఉంచాను. టీ తాగాక అక్కడికి రండి, అర మైక్రోలీటర్ ఎంతుంటుందో మీరే తీసి చూద్దురు గానీ.