ఎపిసోడ్ 41: ప్రాణం ఎప్పుడు మొదలైంది, హరి ఎప్పుడు మొదలయ్యాడు

శారద: నమస్కారం. ఈ వారం అబార్షన్ గురించి. మతం, సైన్స్, తత్వశాస్త్రం, ఒక్కోదానికి పదిహేను నిమిషాలు. హరీ, నిన్ను ఆపడానికి గంట నా దగ్గరే ఉంది.

హరి: నేనింకా నోరే తెరవలేదక్కా!

శారద: తెరుస్తావుగా. ముందు మతం. శుక్రం, శోణితం, అంటే తండ్రి బీజం, తల్లి రక్తం, వాటితో జీవుడు కడుపులో కలిస్తే దాన్ని గర్భం అంటారని ఆయుర్వేద గ్రంథం చరకసంహిత. అంటే జీవుడు మొదటి రోజే ఉన్నాడు. గర్భోపనిషత్తు చూస్తే జీవుడు చేరేది ఏడో నెలలో. అరిస్టాటిల్ మగపిండానికి 40 రోజులన్నాడు, ఆడపిండానికి 90.

హరి: ఆడపిల్లలకి 50 రోజులు లేటు ఎందుకంటే...

శారద: ఆ జోక్ వద్దు. పోయినసారి మెయిల్స్‌కి ఇంకా జవాబులు రాస్తున్నాను. ఇస్లాంలో చాలామంది పండితుల మాట 120 రోజులు. క్యాథలిక్ చర్చిలో ఆత్మ చేరిన పిండానికీ చేరని పిండానికీ శిక్షలో తేడా ఉండేది. 1869లో పోప్ తొమ్మిదో పయస్ ఆ తేడా తీసేశారు.

హరి: చూశావా, అంతా లెక్కే.

(గంట)

శారద: ఒకటి.

హరి: కొట్టుకో. డాక్టర్ "ఆరో వారం" అన్నారనుకో, ఆ లెక్క చివరి నెలసరి మొదటి రోజు నుంచి. పిండం వయసు సుమారు నాలుగు వారాలే. ముందు రెండు వారాలూ గర్భమే లేదు! ఆ లేని రెండు వారాల్నీ కలుపుకునే చట్టాలు రాస్తున్నారు.

శారద: సరే, సైన్స్ అయిపోయింది.

హరి: ఎక్కడయింది? 14వ రోజు సంగతి!

శారద: వచ్చాడండీ కవలవీరుడు.

హరి: మా అన్నయ్యా నేనూ మొదట ఒకే పిండం. పిండం ఏర్పడిన మొదటి రెండు వారాల్లో ఎప్పుడో చీలాం. తర్వాత పిండం మీద ఒక గీత లాంటిది ఏర్పడుతుంది, ప్రిమిటివ్ స్ట్రీక్ అంటారు. ఆ తర్వాత చీలడం చాలా అరుదు. అందుకే ల్యాబ్‌లో పిండాన్ని 14 రోజులు దాటి పెంచకూడదని 1984లో బ్రిటన్ ప్రభుత్వం వేసిన వార్నాక్ కమిటీ చెప్పింది. ఇప్పుడు చెప్పు, ఆత్మ మొదటి రోజే వచ్చేస్తే, చీలకముందు ఉన్నది నేనా, అన్నయ్యా?

శారద: అన్నయ్యే. నువ్వు కొమ్మవి.

హరి: అక్కా!

శారద: కోపమెందుకు? అమీబా రెండవుతుంది. అంతమాత్రాన చీలకముందు అమీబా లేదంటామా? ఒకటి ఉంది, తర్వాత రెండయ్యాయి. నీ వాదంతో తేలేది ఏమీ లేదు.

హరి: అమీబాకి ఆత్మ ఉందని ఎవరన్నారు? పోనీ, తిరగేసి చూడు. రెండు పిండాలు కలిసిపోయి ఒక్క మనిషిగా పుట్టిన కేసులున్నాయి. అక్కడ రెండో ఆత్మ ఎటుపోయింది?

శారద: ...దీనికి నా దగ్గర జవాబు లేదు. కానీ కవలలు ఆ ఉపనిషత్తులోనూ ఉన్నారు. వాయువు ఒత్తిడికి శుక్రం రెండుగా చీలితే కవలలట.

హరి: ఇది ముందే చెప్పొచ్చుగా! మరి ఏడో నెలలో జీవుడు వస్తాడంటే మా ఇద్దరికీ గొడవే లేదు. రెండు ఇళ్లు రెడీగా ఉన్నాయి, ఇద్దరూ దిగారు. లెక్క సరిపోయింది.

(గంట)

శారద: రెండు. (కాసేపు ఆగి) మా చెల్లి స్కానింగ్‌కి లోపలికెళ్తూ కళ్లజోడు తీసి నా చేతికిచ్చింది. బయటికొచ్చేదాకా దాన్ని తుడుస్తూనే ఉన్నాను. ఆ గర్భం నిలిచేది కాదని తేలింది. తను 14వ రోజు అడగలేదు, ఏడో నెల అడగలేదు. "దానికి నొప్పి తెలుస్తుందా అక్కా?" అంది.

హరి: నువ్వేం చెప్పావు?

శారద: కళ్లజోడు పెట్టాను.

హరి: ఇది కట్ చేద్దామా?

శారద: వద్దు, తననడిగే వచ్చాను. తత్వశాస్త్రానికి ఎంత టైముంది?

హరి: నాలుగు నిమిషాలు.

శారద: చాలు. 1971లో అమెరికన్ తత్వవేత్త జుడిత్ థామ్సన్ ఏమందంటే, పిండం మనిషే అని ఒప్పేసుకుందాం. నువ్వు నిద్రలేచేసరికి ఒక గొప్ప వయొలిన్ విద్వాంసుణ్ణి నీ కిడ్నీలకి తగిలించేశారు. తొమ్మిది నెలలు అలా పడుకుంటేనే అతను బతుకుతాడు. పడుకుని తీరాలా?

హరి: నన్నడగకుండా తగిలించారు కదా. అది బలవంతంగా వచ్చిన గర్భానికే సరిపోతుంది.

శారద: అందరూ మొదట అనేది అదే. ఆవిడ దానికీ ఇంకో పోలిక...

హరి: ఒక్క నిమిషం, ఫోన్. అన్నయ్య.

శారద: ఎత్తు. అడుగు, చీలకముందు ఎవరో.

హరి: వాడేమంటాడో తెలుసులే. హలో... ఆఁ, రికార్డింగ్‌లో ఉన్నాను రా. లేదు, నీ గురించి కాదు.

(గంట)