వెనక యాక్సిల్ నట్టు కోసం క్లిక్ టార్క్ రెంచ్: కొనొచ్చా?

నమస్తే అండీ. ఈరోజు చూడబోయేది అర అంగుళం డ్రైవ్ (సాకెట్ తగిలించే చదరపు మొన) ఉన్న క్లిక్ టైప్ టార్క్ రెంచ్, అంటే మనం సెట్ చేసిన బిగింపు రాగానే టిక్ మని చెప్పే పానా. బిగింపుని 28 నుంచి 210 న్యూటన్ మీటర్ల దాకా సెట్ చేసుకోవచ్చు. డర్ట్ బైక్ వెనక యాక్సిల్ (చక్రం ఇరుసు) నట్టుకి ఇది అవసరమా, మామూలు పానా సరిపోదా, అదే ఇవాళ్టి ప్రశ్న. చేతిలో పట్టుకుని తిప్పి చూపిస్తే ఏం తెలీదు, నేరుగా బైక్ మీదే పెడదాం.

స్టాండ్ మీదున్నది కేటీఎం 350 ఈఎక్స్‌సీ-ఎఫ్. దీని నట్టుకి కంపెనీ చెప్పింది 80 న్యూటన్ మీటర్లు. హోండా సీఆర్ఎఫ్ 450ఆర్ అయితే 128. పక్కవాడి బైక్ లెక్క మీ బైక్‌కి పెట్టకండి, మీ మాన్యువల్ తీసి చూడండి. హీరో ఎక్స్‌పల్స్ బైక్ ఉన్నవాళ్ళకీ ఇదే మాట.

80 అంటే ఎంత? ఈ పిడి 45 సెంటీమీటర్లు. చివర పట్టుకుని సుమారు 18 కిలోల బలంతో లాగితే చాలు, అంతే! షెడ్డులో పానాకి పైపు తొడిగి, ఒళ్ళంతా వేసి తొక్కుతారే, అక్కడ ఈ లెక్క ఎప్పుడో దాటిపోతుంది. మర పోవడం ఒక నష్టం. దానికన్నా చిరాకు ఏంటంటే, అడవి దారిలో పంక్చరైనప్పుడు కిట్‌లో ఉన్న చిన్న పానాతో ఆ నట్టు కదలదు. తక్కువ బిగిస్తే ఇంకో గొడవ: ఇంజిన్ లాగుడుకి చక్రం ముందుకి జరుగుతుంది, ఒక పక్కకి తిరుగుతుంది, చైన్ ఊడి పడుతుంది.

ఇప్పుడు అసలు పని. చైన్ బిగుతు సర్దాలంటే ఈ నట్టు కొంచెం లూజ్ చేయాలి. సర్దాక అలాగే బిగించేస్తే చక్రం ఉన్నచోట ఉండదు. ఇక్కడ దగ్గరగా చూడండి. చైన్ సర్దే అడ్జస్టర్ బోల్టు తలకీ, యాక్సిల్ చివర ఉండే బ్లాకుకీ మధ్య సన్నటి సందు కనిపిస్తోందా? ఆ సందు ఉండకూడదు. ఒక గుడ్డ పేలిక మడిచి, చైన్‌కీ వెనక స్ప్రాకెట్‌కీ (చైన్ తిరిగే పళ్ళ చక్రం) మధ్య, కింది వైపున పెట్టండి. చక్రాన్ని ముందుకి తిప్పండి. పేలిక పళ్ళ మధ్య ఇరుక్కుని చైన్ బిర్రుగా అవుతుంది, యాక్సిల్ ముందుకి వచ్చి రెండు బోల్టులకీ ఆనుకుంటుంది. చూశారా, సందు పోయింది. వేళ్ళు మాత్రం దూరంగా పెట్టుకోండి, స్ప్రాకెట్ పళ్ళు జాలి చూపవు. చక్రాన్ని అలాగే పట్టుకుని నట్టు బిగించాలి. పట్టుకోడానికి ఇంకో మనిషి ఉంటే హాయి.

రెంచ్ పెట్టేటప్పుడు పిడిని నేలవైపు నొక్కేలా పెట్టండి, పక్కకి లాగితే బైక్ స్టాండ్ మీంచి పడిపోతుంది. సైలెన్సర్ అడ్డమొస్తే సాకెట్‌కి నిటారు ఎక్స్‌టెన్షన్ వేసుకోవచ్చు, దానివల్ల లెక్క మారదు. పిడికి పైపు తొడిగితే మాత్రం మారుతుంది. మెల్లగా, ఒకే ఊపులో... టిక్. వినిపించిందా? ఆపేయాలి. "ఇంకొక్కసారి" అని మళ్ళీ లాగారంటే సెట్ చేసిన దానికన్నా ఎక్కువే పడుతుంది.

బిగించాక చైన్ మళ్ళీ కొలవండి. ఈ బైక్‌కి, కింది చైన్ బిర్రుగా ఉంచి, స్లైడర్ (చైన్ రాసుకోకుండా ఉండే పట్టీ) చివర పై చైన్‌ని ఎత్తితే స్వింగ్ఆర్మ్‌కీ (వెనక చక్రాన్ని పట్టుకునే చెయ్యి) చైన్‌కీ మధ్య 55 నుంచి 58 మిల్లీమీటర్లు ఉండాలి. రోడ్డు బైకుల వాళ్ళకి ఇది మరీ లూజ్‌గా అనిపిస్తుంది. సస్పెన్షన్ కిందికి నొక్కుకున్నప్పుడు ముందు స్ప్రాకెట్, స్వింగ్ఆర్మ్ పివట్ (అది ఆడే కీలు), యాక్సిల్ ఒకే గీతలోకి వచ్చే చోట చైన్ బాగా బిగుసుకుంటుంది, ఆ లూజ్ దానికోసమే.

సరే, రెంచ్ సంగతి. నాకు నచ్చింది టిక్ శబ్దం: చేతికి కూడా తెలుస్తుంది, పక్కన ఇంజిన్ నడుస్తున్నా పోల్చుకోవచ్చు. నచ్చనిది అంకెలు. మరీ సన్నగా ఉన్నాయి, పైగా ఒక పక్క న్యూటన్ మీటర్లు, ఇంకో పక్క ఫుట్ పౌండ్లు. తెలీక ఫుట్ పౌండ్లలో 80 పెట్టారనుకోండి, 108 న్యూటన్ మీటర్లు పడుతుంది. స్కేల్ అడుగు భాగంలో, 30, 35 దగ్గర దీన్ని అంతగా నమ్మను, చిన్న బోల్టులకి వేరే చిన్న రెంచ్ ఉండాల్సిందే. నట్టు ఊడదీయడానికి దీన్ని వాడకండి, పనయ్యాక స్కేల్‌ని కిందికి తిప్పి దాచండి. 5,000 సార్లకో, ఏడాదికో ఒకసారి కాలిబ్రేషన్, అంటే కొలత సరిగ్గా చూపుతోందో లేదో పరీక్ష, చేయించడం పద్ధతి.

చైన్ ఇంట్లోనే సర్దుకునేవాళ్ళు కొనండి. ఏడాదికి రెండుసార్లే నట్టు ముట్టుకునేవాళ్ళకి ముల్లు ఉండే బీమ్ టైప్ చాలు, చవక కూడా. ఏది వాడినా, నట్టు మీంచి యాక్సిల్ దాకా పెయింట్ పెన్‌తో ఒక గీత గీయండి. రైడ్‌కి ముందు ఒక చూపు చూస్తే నట్టు తిరిగిందో లేదో అక్కడే తెలుస్తుంది.